జ్వరాల వారం దాటి నిలిచేదేది? హైదరాబాద్ అమ్మలకు వ్యాయామం, అందం, వినోదాల్లో ఎంపికలు

ఉదయం 8:10కి స్కూలు వ్యాను మా వీధి మలుపు తిరుగుతుంది. 9:30కి నేను ఆఫీసు లాప్‌టాప్ తెరవాలి. మధ్యలో ఉన్నది గంటా ఇరవై నిమిషాలు. గిన్నెలు సర్ది, బట్టలు ఆరేసి, అత్తమ్మకి టిఫిన్ పెట్టేసరికి నాకంటూ మిగిలేది 45 నిమిషాలు. నాలుగేళ్లుగా ఆ 45 నిమిషాల్ని ఒక్కోసారి ఒక్కోదానికి ఇచ్చి చూశాను. జిమ్‌కి ఇచ్చాను, జుంబాకి ఇచ్చాను, నడకకి ఇచ్చాను, ఇంట్లో చాప పరుచుకుని కూర్చున్నాను. ముఖానికీ జుట్టుకీ ఏం చేసుకోవాలో, సాయంత్రం మనసుకి ఏం కావాలో కూడా ఇలా చేసి చూసే తేల్చుకున్నాను. స్కూలు గేటు దగ్గర కలిసే అమ్మలు తరచూ ఇవే అడుగుతుంటారు. "జిమ్‌లో చేరనా అక్కా, నడిస్తే చాలా?" "తెల్ల వెంట్రుకలకి రంగు వేసుకోనా, గోరింటాకేనా?" అందుకే నాకు తెలిసినంతా ఒకచోట రాస్తున్నాను.

మాది తార్నాక. నాకు 38 ఏళ్లు. పాపకి పదేళ్లు, బాబుకి ఆరు. మీ వయసు, మీ ఏరియా, మీ పనివేళలు వేరైతే జవాబు మారుతుంది. ఎక్కడ మారుతుందో చెబుతూ వెళ్తాను.

ముందు ఏం చూసుకోవాలి

మామూలుగా మనం ధర చూసో, పక్క ఫ్లాట్ ఆవిడ సన్నబడిందనో ఒకదాంట్లో చేరిపోతాం. నేనూ అలాగే చేరాను. ఇప్పుడు మాత్రం మొదలుపెట్టే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకుంటాను.

గడప దాటి, మళ్ళీ గడపలోకి వచ్చేసరికి ఎంతసేపు? క్లాసు ముప్పావుగంటే కావచ్చు. బండి తీయడం, హబ్సిగూడ సిగ్నల్, పార్కింగ్, తిరుగుదారి కలిపితే గంటన్నర. మన ఊళ్ళో ఈ లెక్క వేసుకోకుండా పెట్టుకున్న ఏ అలవాటూ రెండో నెల చూడదు.

డబ్బు నెలనెలా కట్టాలా, ఏడాదికి ఒకేసారా? స్కూలు సెలవుల్లో పిల్లలు వెంట ఉన్నా కుదురుతుందా? రెండు కాన్పులు చూసిన ఒంటికి అది పడుతుందా?

చివరి ప్రశ్నే నాకు అన్నిటికన్నా పెద్దది. పదిరోజులు తెగిపోతే మళ్ళీ తేలిగ్గా మొదలవుతుందా? వానాకాలం వచ్చిందంటే జ్వరాలు. బాబుకి మూడు రోజులు, వాడి నుంచి పాపకి, పాప నుంచి నాకు. అవి తగ్గేసరికి యూనిట్ టెస్టులు, ఆ వెంటనే బతుకమ్మ, దసరా, ఆ తర్వాత ఊళ్ళో ఎవరిదో పెళ్లి. పిల్లలున్న ఇంట్లో నెలకోసారైనా ఏదో ఒకటి తెగుతూనే ఉంటుంది. కాబట్టి తెగడాన్ని ముందే లెక్కలో పెట్టుకుని ఎంచుకోవాలి.

వ్యాయామం

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేది ఇది: వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ, దానికి తోడు వారంలో రెండు రోజులు కండరాలకి బలం పెంచే వ్యాయామం. ఒక మోస్తరు అంటే మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, అంత వేగం. "ఇంటిపని చేస్తున్నాం కదా, అదే వ్యాయామం" అని మా అమ్మ అంటుంది. ఇంటిపనీ శ్రమే, కాదనను. కానీ పొయ్యి దగ్గర రెండు గంటలు నిలబడితే నడుము నొప్పి వస్తుంది తప్ప ఆయాసం రాదు, తొడల్లో బలమూ పెరగదు. ఈ రెండో భాగాన్నే, అంటే బలాన్నే మనలో చాలామంది వదిలేస్తున్నాం.

నడకతో మొదలుపెడతాను. మాకు ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ దగ్గర. 1939లో కట్టిన ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి చెట్ల కింద నడిస్తే ట్రాఫిక్ హోరు వెనకబడిపోతుంది. దోమలగూడ వైపు వాళ్ళకి ఇందిరా పార్కు, యూసుఫ్‌గూడ వాళ్ళకి కృష్ణకాంత్ పార్కు, కొండాపూర్ వైపు బొటానికల్ గార్డెన్, హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు ఉన్నాయి. కేబీఆర్ పార్కు సంగతి వేరే చెప్పాలా, దాదాపు 390 ఎకరాల అడవి, 1998 నుంచి జాతీయ ఉద్యానవనం, పొద్దున్నే నెమళ్ళ కూత. కానీ తార్నాక నుంచి అక్కడికి వెళ్ళి నడిచి రావడం ఆదివారం సరదా. రోజూ కుదిరే పని కాదు. బంజారాహిల్స్‌లో ఉన్నవాళ్ళకి మాత్రం అంతకంటే మంచిది దొరకదు. నడకకి ఒక్క జాగ్రత్త చెబుతాను: చీకటి విడవకముందు ఒంటరిగా వెళ్ళొద్దు. కుక్కల గుంపులు, వెలగని లైట్లు, రెండూ నిజమే. పిల్లలు బడికెళ్ళాక 8:15కి నడిచినా ఏమీ తక్కువ కాదు. ఎండాకాలం మూడు నెలలు మాత్రం ఆ వేళకే ఎండ మొదలవుతుంది, అప్పుడు సాయంత్రానికి మార్చుకోవాలి.

జిమ్‌లో ఏడాదికి ఒకేసారి 14,000 కట్టాను. నెలకి చూసుకుంటే చవక అని చెప్పారు, నిజమే. మొదటి నెల 13 రోజులు వెళ్ళాను. తర్వాత బాబుకి డెంగ్యూ వచ్చింది. మూడు వారాల తర్వాత వెళ్తే నా వ్యాయామాల చార్టు పోయింది, ట్రైనర్ మారిపోయాడు, మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకోవాల్సి వచ్చింది. ఆగిపోయిన రోజులు కలిపి ఇవ్వమంటే కుదరదన్నారు. మొత్తం ఏడాదిలో నేను వెళ్ళింది 31 రోజులు. అయినా జిమ్ మంచిది కాదని చెప్పను. బలం పెంచడానికి అంతకన్నా సూటి దారి లేదు, బరువు ఎత్తే పద్ధతి పక్కన ఉండి దిద్దేవాళ్ళు ఉంటే ఇంకా మంచిది. చేరేవాళ్ళు మూడు నెలలకి మించి కట్టకండి. మధ్యలో ఆపితే రోజులు కలుపుతారా అని అడిగి, ఆ మాట రసీదు మీద రాయించుకోండి.

జుంబా దగ్గర కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే దీని గురించి మనం బయట మాట్లాడుకోం. మా కాలనీ కమ్యూనిటీ హాల్లో బ్యాచ్ నడుస్తుంది. పాటలు, ఇరవైమంది ఆడవాళ్ళు, గంట ఎలా గడిచిందో తెలియదు. రెండో క్లాసులో గెంతుతుంటే కొంచెం మూత్రం పడింది. నేను ఎవరికీ చెప్పకుండా మర్నాటి నుంచి నల్ల ప్యాంటు వేసుకుని వెళ్ళాను. నెల గడిచాక పక్కన ఎప్పుడూ గెంతకుండా అడుగులు వేసే ఒక వదినని అడిగితే, "నాకూ అంతే, అందుకే గెంతను" అంది. మేమిద్దరం కలిసి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. కాన్పుల తర్వాత మూత్రాన్ని ఆపే కింది కండరాలు వదులవుతాయి, చాలామందికి ఉండేదే, కానీ "ఉండేదే కదా" అని ఊరుకోనక్కర్లేదు అని ఆవిడ చెప్పారు. చేయాల్సింది చిన్నది: మూత్రం ఆపుకుంటున్నట్టు లోపలి కండరాల్ని బిగించి 5 సెకన్లు పట్టాలి, 5 సెకన్లు వదలాలి, ఇలా 10 సార్లు, రోజుకి మూడు పూటలు. ఊపిరి బిగబట్టకూడదు, పొట్ట, తొడలు బిగించకూడదు. మూత్రానికి వెళ్ళినప్పుడు చేయకూడదు. పప్పు కుక్కర్ కూతల కోసం ఎదురుచూస్తూ చేసేదాన్ని. మూడు నెలలకి తుమ్మితే భయం పోయింది. మీకూ ఇదే ఉంటే గెంతే క్లాసులు కొన్నాళ్ళు ఆపి ముందు ఇది చేయండి. మూడు నెలలైనా తగ్గకపోతే డాక్టర్‌కో, ఫిజియోథెరపిస్టుకో చూపించండి.

ఇంట్లో చాప: ఖర్చు లేదు, దారి లేదు, వానొచ్చినా ఆగదు. సూర్యనమస్కారాలు, యోగాసనాలు ఎవరి దగ్గరైనా ఒక నెల నేర్చుకుని ఇంట్లో చేసుకోవచ్చు. బలం కోసం మూడేసి కిలోల డంబెల్స్ జత, సాగే రబ్బరు బ్యాండు ఒకటి కొన్నాను. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి పుష్‌అప్‌లు, డంబెల్స్‌తో వంగి లాగడం, అంతే. ఇబ్బంది ఒక్కటే, కాలింగ్ బెల్. కూరగాయలాయన, కొరియర్, నీళ్ళ క్యాన్, అందరికీ ఆ అరగంటే దొరుకుతుంది. అత్తమ్మకి చెప్పి పెట్టుకున్నాను, ఆ అరగంట తలుపు ఆవిడ చూస్తుంది. ఇంట్లో సాయం లేని వాళ్ళు ఫోను పక్క గదిలో పెట్టి మొదలుపెట్టండి.

| మార్గం | గడప నుంచి గడపకి | నాకు అయిన ఖర్చు | బలం పెరుగుతుందా | పది రోజులు తెగితే |
|---|---|---|---|---|
| నడక | 40–45 నిమిషాలు | షూ ఒక్కటే | అంతగా లేదు | మర్నాడే మొదలు |
| జిమ్ | గంటన్నర | ఏడాదికి 14,000 | బాగా | కష్టం, డబ్బు పోతుంది |
| జుంబా బ్యాచ్ | గంటా 15 | నెలకి 1,500 | కొంత | బ్యాచ్ పిలుస్తుంది, వెళ్తాం |
| ఇంట్లో చాప, డంబెల్స్ | 30 నిమిషాలు | ఒక్కసారి 1,300 | పెరుగుతుంది, నెమ్మదిగా | నాలుగైదు రోజులు బద్ధకం |

నేను స్థిరపడింది వారానికి నాలుగు రోజులు 40 నిమిషాల నడక, రెండు రోజులు చాప. నడకే 160 నిమిషాలు అవుతుంది. కానీ ఇది అందరికీ సరిపోదు. ఒంటరిగా ఏదీ మొదలుపెట్టలేని మనిషైతే బ్యాచ్‌కే వెళ్ళండి, ఆ స్నేహాలే మిమ్మల్ని లాక్కెళ్తాయి. 45 దాటి నెలసరి ఆగే వయసులో ఉన్న అక్కలకి మాత్రం నడక ఒక్కటే చాలదు. ఆ తర్వాత ఎముకల బలం వేగంగా తగ్గుతుంది కాబట్టి బరువులెత్తే వ్యాయామానికే మొదటి చోటు ఇవ్వాలి, వీలైతే జిమ్‌లోనే. హైటెక్ సిటీ ఆఫీసులో జిమ్ ఉన్నవాళ్ళు అక్కడే కానిచ్చుకుని ట్రాఫిక్ తగ్గాక బయల్దేరడం మేలు. పసిబిడ్డ తల్లులు, ముఖ్యంగా సిజేరియన్ అయినవాళ్ళు డాక్టర్ సరే అనేదాకా బరువులు, గెంతులు ముట్టుకోవద్దు. ఇంకో కొలత: నడుము చుట్టు 80 సెంటీమీటర్లు దాటితే మన దేశపు ఆడవాళ్ళకి పొట్ట కొవ్వు ఎక్కువైనట్టు లెక్క. బరువు తూచే మిషన్ కన్నా టైలర్ టేపే నాకు నిజం చెబుతుంది.

అద్దం ముందు: పార్లరా, ఇల్లా, డాక్టరా?

ఇక్కడ నా మొదటి ప్రశ్న వేరు. తప్పు జరిగితే బాగవ్వడానికి ఎంతకాలం పడుతుంది? కనుబొమ్మ సన్నగా తీస్తే మూడు వారాల్లో మళ్ళీ వస్తుంది. చర్మం మాడితే నెలలు పడుతుంది. ఈ ఒక్క లెక్కతో ఏ పని ఎవరికి ఇవ్వాలో సులువుగా తేలుతుంది.

త్రెడింగ్, వాక్సింగ్, జుట్టు కత్తిరింపు పార్లర్‌కే. వీధి పార్లర్ చాలు, పెద్ద సెలూన్ అక్కర్లేదు, కొత్త దారం, కొత్త స్ట్రిప్ వాడుతున్నారా అన్నది చూసుకుంటే సరిపోతుంది. ఫేషియల్ నెలనెలా మానేశాను. దాని నిగారింపు నాలుగు రోజులు ఉంటుంది, ఆ 1,200తో మూడు నెలల సన్‌స్క్రీన్ వస్తుంది. పెళ్లికో ఫంక్షన్‌కో కావాలనుకుంటే ముందురోజు కాకుండా వారం ముందు చేయించుకోండి. పడకపోతే తగ్గడానికి టైం ఉంటుంది.

ఇక మంగు మచ్చలు. బాబు కడుపులో ఉన్నప్పుడు నాకు రెండు బుగ్గల మీదా వచ్చాయి. కాన్పు తర్వాత తగ్గుతాయన్నారు, సగమే తగ్గాయి. ఒక పార్లర్‌లో, పేరు అనవసరం, ఆ అమ్మాయి ఎంతో ప్రేమగా ఒక చిన్న తెల్ల డబ్బా ఇచ్చింది. "అక్కా, రాత్రి పూట రాసుకోండి, పదిహేను రోజుల్లో చూడండి." డబ్బా మీద పేరు లేదు, తయారీ తేదీ లేదు. నిజంగానే పదిహేను రోజుల్లో ముఖం తేటపడింది. మా చెల్లెలు కూడా అడిగి తీసుకుంది. రెండు నెలలకి ఎండలోకి వెళ్తే బుగ్గలు మండడం, గడ్డం దగ్గర సన్న సన్న పొక్కులు, పైపెదవి మీద నూగు. ఆపేస్తే ఇంకా ఎర్రబడింది. చర్మ డాక్టర్ ఆ డబ్బాని వెలుతురులో పట్టుకుని చూసి, "అమ్మా, ఇది రోజుకి నలుగురు తెస్తారు" అన్నారు. అందులో స్టిరాయిడ్ ఉండి ఉంటుందని, అది వాడినన్నాళ్ళూ బాగుండి, ఆపగానే చర్మం తిరగబడుతుందని చెప్పారు. స్టిరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందుల్లో ఉన్నాయి. 2018లో ఆ నిబంధనని ఇంకా గట్టి చేశారు కూడా. నా ముఖం మామూలు కావడానికి ఎనిమిది నెలలు పట్టింది. మా చెల్లెలికి ఇంకా ఎక్కువే. పేరులేని డబ్బా ఎంత దగ్గరివాళ్ళు ఇచ్చినా ముఖానికి రాయకండి. మందుల షాపులో "తెల్లబడే క్రీం" అని అడిగి తెచ్చుకునేవీ అంతే, లేబుల్ మీద పేరు చివర "సోన్" అని వినిపించే మందు ఉంటే, మొమెటాసోన్, బీటామెథాసోన్ లాంటివి, పక్కన పెట్టి డాక్టర్‌ని అడగండి.

మంగుకి డాక్టర్ ఇచ్చే మందు ఒక ఎత్తు, సన్‌స్క్రీన్ ఒక ఎత్తు. సన్‌స్క్రీన్ మీద ఎస్‌పీఎఫ్ అని రాసి ఉండే అంకె ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెబుతుంది. ఎస్‌పీఎఫ్ 30 ఎండలోని చర్మాన్ని కమిలించే యూవీ-బి కిరణాల్ని 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. తేడా ఒక్క శాతమే, ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు ధర పెట్టక్కర్లేదు. ఎంత రాస్తున్నాం అన్నదే ముఖ్యం: చూపుడువేలు, మధ్యవేలు నిండా పొడుగ్గా పిండితే ముఖానికీ మెడకీ ఒక పూటకి సరిపోతుంది. మనం బఠాణీ గింజంత రాసి, పని చేయలేదంటాం. ముఖం బూడిద పూసినట్టు కనబడుతుందని మానేసేవాళ్ళకి రంగు కలిసిన సన్‌స్క్రీన్లు ఉన్నాయి. వాటిలోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురు నుంచి కూడా కాపాడుతుంది కాబట్టి మంగు ఉన్నవాళ్ళకి అవే మేలు. స్కూటీ మీద వెళ్ళేటప్పుడు చున్నీ కట్టుకోవడం మన హైదరాబాద్ అమ్మాయిలు ఎప్పుడో కనిపెట్టిన మంచి పద్ధతి. సన్‌స్క్రీన్‌కి అది తోడు, దానికి బదులు కాదు.

సున్నిపిండి నాకు ఇష్టం. పండగలకి అత్తమ్మ చేయిస్తుంది. పెసలు, సెనగలు, కచ్చూరాలు, తుంగముస్తెలు, ఎండు గులాబీ రేకులు బేగంబజార్ నుంచి తెచ్చి మరపట్టిస్తే ఆ మూడు రోజులూ ఇల్లంతా అదే వాసన. ఒంటికి సబ్బు కన్నా హాయి. కానీ ఒక్క సంగతి. చాలామంది అందులో బావంచాలు అనే గింజలు కలుపుతారు. బావంచాల్లో సోరలిన్ అనే పదార్థం ఉంది, అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్లబడుతుంది. మంగు ఉన్నవాళ్ళు, పగలు బయట తిరిగేవాళ్ళు బావంచాలు వేయకుండా మరపట్టించుకోండి. ముఖానికి గట్టిగా రుద్దకండి.

తెల్ల వెంట్రుకలు: నాలుగు దారులు

ఒట్టి గోరింటాకు చవక, చల్లన, భయం లేదు. తెల్ల వెంట్రుక నారింజ రంగులోకి వస్తుంది, అది నచ్చితే ఇంతకు మించి ఆలోచించక్కర్లేదు.

గోరింటాకు, ఆ మీద ఇండిగో. నేను చేసుకునేది ఇదే. శనివారం రాత్రి ఇనప మూకుట్లో గోరింటాకు పొడి టీ డికాషన్‌తో కలిపి మూతపెడతాను. ఆదివారం పొద్దున తలకి పట్టించి రెండు గంటలు. షాంపూ లేకుండా నీళ్ళతో కడిగేయాలి. తర్వాత నీలి ఆకు పొడి, షాపుల్లో ఇండిగో పొడి అని అడిగితే ఇస్తారు, గోరువెచ్చని నీళ్ళలో కలిపి పది నిమిషాలు ఆగితే ఆకుపచ్చ ముద్ద పైన నీలం తేలుతుంది. అప్పుడే పట్టించాలి, నిల్వ ఉంచితే రంగు పట్టదు. గంటన్నర తర్వాత కడిగితే మొదట పచ్చగా కనిపించి గాభరా పుడుతుంది. మర్నాటికి గాలి తగిలి నలుపెక్కుతుంది. రెండు రోజులు షాంపూ వద్దు. ఒక ఆదివారం పూట మొత్తం పోతుంది, పాత తువాలు ఒకటి దానికే కేటాయించాలి.

ప్యాకెట్ రంగు అరగంటలో అయిపోతుంది, నల్లగా వస్తుంది. పసిబిడ్డతో ఆదివారం పూట దొరకని వాళ్ళకి ఇదే వాస్తవమైన దారి. కానీ వీటిలో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, కొందరికి అది పడదు. "అమ్మోనియా లేదు" అంటే పీపీడీ లేదని అర్థం కాదు. ప్రతి కొత్త ప్యాకెట్‌కీ 48 గంటల ముందు చెవి వెనక చుక్క పెట్టి చూడండి. దురద, కనురెప్పల వాపు ఒక్కసారి వచ్చినా ఆ రంగు మళ్ళీ వాడకూడదు, రెండోసారి ఇంకా తీవ్రంగా వస్తుంది. "నల్ల గోరింటాకు" అని అమ్మే పొడులు కూడా ఈ కోవలోవే, గోరింటాకు ఎప్పుడూ నలుపు ఇవ్వదు.

పార్లర్ రంగు గురించి ఎక్కువ చెప్పేది లేదు, ప్యాకెట్ రంగే, చేయి నేర్పరిది, ఖర్చు అయిదారు రెట్లు.

జుట్టు రాలడం మాత్రం పై నాలుగింటిలో దేనితోనూ ఆగదు. కాన్పయిన మూడో నెల నుంచి రాలడం మామూలే, ఏడాదిలోపు చాలావరకు తిరిగి వస్తుంది. ఆ తర్వాతా రాలుతుంటే నూనెలు మార్చే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు చేయించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నా హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది, అంటే నాకూ రక్తహీనతే. జుట్టు బోరు నీళ్ళ వల్లే రాలుతోందని వాటిని తిడుతూ రెండేళ్లు గడిపాను.

మనసుకి

పిల్లల వినోదం వేరు, అమ్మ వినోదం వేరు. మాల్‌లో ప్లే ఏరియా బయట కూర్చుని సంచులు కాపలా కాయడాన్ని నేను వినోదం కింద లెక్కేయను.

థియేటర్: పోయినసారి మల్టీప్లెక్స్‌లో టికెట్ 295, నలుగురికి 1,180, పాప్‌కార్న్, క్యాబ్ కలిపి రెండు వేలు దాటింది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ పాత థియేటర్లలో సగం లోపే అవుతుంది, ఆ ఈలల మధ్య సినిమా చూడటంలో ఉన్న ఉత్సాహం వేరే. రెండు నెలలకోసారి మా ఇంటికి సరిపోతుంది.

ఓటీటీ చవకే. కానీ పిల్లలు పడుకునేసరికి పది, సినిమా మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకి నా కళ్ళు మూతపడతాయి. ఒక సినిమా అయిదు ముక్కలుగా చూస్తే కథ అందదు. అరగంట భాగాలుగా ఉన్న సిరీస్‌లు మాత్రం బాగా కుదురుతాయి. పసిబిడ్డకి పాలిస్తూ రాత్రిళ్ళు మేల్కొనే తల్లులకి ఫోను వెలుతురు కన్నా చెవిలో వినే కథలు, పాత పాటలు మేలు, బిడ్డా లేవదు, మన నిద్రా చెడదు.

నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది డబ్బు పెట్టనిది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో తరచూ సాయంత్రాలు సంగీతమో, నాటకమో, సాహిత్య సభో ఉంటుంది, చాలావాటికి టికెట్ ఉండదు. తార్నాకలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్‌లో మారితే చిక్కడపల్లి స్టేషన్‌లోనే దిగొచ్చు. మెట్రో డబ్బులు కూడా వద్దనుకుంటే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకి 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ప్రయాణం ఉచితమే, ఆధార్ దగ్గరుంటే చాలు. నెలకో శుక్రవారం బాబుని వాళ్ళ నాన్నకి అప్పగించి పాపా నేనూ వెళ్తాం. మొదటిసారి ఒక కూచిపూడి అరంగేట్రం చూశాం. పాప ముందు వరుసలో మోకాళ్ళ మీద గడ్డం ఆన్చి, ఆ అమ్మాయి ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి తరంగం చేస్తుంటే నా చేయి గట్టిగా పట్టుకుంది. కళాకారుల స్థాయి ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది, మధ్యలో సన్మానాలు సాగుతాయి. అది భరించలేనివాళ్ళు 1961 నుంచి నడుస్తున్న రవీంద్రభారతిలో పెద్ద కార్యక్రమాలు ఎంచుకోవడం మంచిది. పిల్లలిద్దర్నీ తీసుకెళ్ళాల్సి వస్తే ఉప్పల్ శిల్పారామం, పరిగెత్తడానికి చోటుంటుంది. సాలార్‌జంగ్ మ్యూజియానికైతే మధ్యాహ్నం 12కి ముందే చేరండి. గడియారంలోంచి బొమ్మ బయటికి వచ్చి పన్నెండు గంటలు కొట్టడం బాబు ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాడు. శుక్రవారం సెలవు, మర్చిపోకండి.

పోయిన ఆగస్టులో బాబుకి వైరల్ జ్వరం వచ్చింది, తర్వాత నాకు. మొత్తం పదకొండు రోజులు అన్నీ ఆగాయి. సన్‌స్క్రీన్ మాత్రం ఆగలేదు, ముఖం కడుక్కున్న చేత్తోనే రాసేదాన్ని. పన్నెండో రోజు షూ వేసుకుని పదిహేను నిమిషాలు నడిచి వెనక్కి వచ్చేశాను, కాళ్ళు వణికాయి. నాలుగు రోజులకి 40 నిమిషాలయ్యాయి, ఆ మర్నాడు చాప పరిచాను. ఇండిగో మూడు వారాలు ఆలస్యమైంది, పాపిట తెల్లగానే ఆఫీసు మీటింగులు అయ్యాయి. గానసభకి ఆ నెల వెళ్ళలేదు. సెప్టెంబర్ మొదటి శుక్రవారం పొద్దున్నే, పాప స్కూలు బ్యాగు తగిలించుకుంటూ, "అమ్మా, ఇవాళ చిక్కడపల్లి కదా" అంది.